గొంతు ఆగిన చోట

పే-చెన్‌ను బడిపిల్లలు 'ఆగు టీచర్' అని పిలుస్తారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఏ పిల్ల పుస్తకం తెరిచి నాలుగు ముక్కలు చదివినా, "ఆగు, ఇప్పుడేం జరిగింది?" అని అడ్డం పడుతుంది. ఇంట్లోనూ అంతే. పడవ ఇంజన్లు బాగుచేసే మొగుడు అన్నాల దగ్గర ఏదో కబురు మొదలుపెడితే సగంలో ఆపి, "ఆగు, అతనెందుకలా అన్నాడు?" అంటుంది. ఆ మహానుభావుడు మిగతా కబురు మింగేసి, చేపముళ్ళు ఏరుకుంటూ కూర్చుంటాడు. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఒక్క కబురూ తిన్నగా చెప్పనివ్వలేదని ఊళ్ళో అందరి దగ్గరా వాపోతాడు.

తైనాన్ పట్నంలో పుట్టి, ఆల్చిప్పలు తప్ప మరో పంట లేని ఈ ఉప్పునేల ఊరికి కోడలై వచ్చిన మనిషి. ముక్కు మీద కోపం. ఆ కోపం పిల్లల మీద చూపించిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు. చదువులో వెనకబడ్డ పిల్లలకు విడిగా చెప్పే ఉద్యోగం ఆమెది. దానికి బడివాళ్ళు ఇచ్చిన గది ఒకప్పుడు ఆటసామాన్ల కొట్టు. ఇప్పటికీ తలుపు తీస్తే రబ్బరు బంతుల వాసన వస్తుంది. అత్తగారింట్లో స్ప్రింగులు లేచిపోయిన సోఫాను మోటారు బండికి కట్టించి తెచ్చి అక్కడ వేసుకుంది. జేబులో ఎప్పుడూ ఉప్పు పట్టించిన ఎండు రేగుపళ్ళుంటాయి, తప్పు చెప్పిన వాళ్ళకే ముందు ఇస్తుంది. ఆ గదికి 'సాయం గది' అని పేరు. ఆ పేరు వింటేనే తల్లిదండ్రుల మొహాలు మాడిపోతాయి.

యూ-తొంగ్ లాంటి పిల్ల ఆ గదికి వస్తుందని ఎవరూ కలలో కూడా అనుకోలేదు. నాలుగో తరగతి. తండ్రి సముద్రంలో ఆల్చిప్పలు పెంచే వెదురు తడల దగ్గర పని, తల్లి తైచుంగ్ నగరంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, వారానికోసారి వస్తుంది. పిల్లను పెంచుతున్నది నానమ్మే. ఊరంతా ఆవిణ్ణి ఆమా అంటుంది. ఇక పిల్ల గొంతు సంగతి. ఆ గొంతుతో పాఠం చదివితే కిటికీ అవతల తోటమాలి కూడా చీపురు ఆపి వినేవాడు. ఎక్కడ దించాలో, ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ కాస్త వణికించాలో అన్నీ తెలుసు. బడిలో చదువుడు పోటీ పెడితే మొదటి బహుమతి ఆమెదే. జిల్లా పోటీకి కూడా ఆమెనే పంపాలని క్లాసు టీచరు లూ మాస్టారు గట్టిగా పట్టుబట్టి తయారు చేస్తున్నాడు. ఊరిపెద్ద షెంగ్ తాత మరో అడుగు ముందుకేసి ఊరి మైకు కూడా ఆ పిల్ల చేతికిచ్చాడు. అంతకుముందు ఆయనే ఇంటి భాషలో దగ్గుతూ, నసుగుతూ కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు బళ్ళో నేర్పే చీనీ భాషలో, టీవీలో వార్తలు చదివినట్టు, తేనె ఒలికినట్టు వినిపిస్తోంది. ఊరంతా ఆ పిల్లను ఆకాశానికెత్తింది.

లెక్కల్లో మాత్రం బండి నడిచేది కాదు. కూడికలు, తీసివేతలు చకచకా చేసేది. అవే లెక్కలు మాటల్లో రాసి ఇస్తే ఇటుదటు, అటుదిటు. "చదువు రాదా అంటే అంత బాగా చదువుతుంది. బద్ధకం, పరధ్యానం, అంతే" అని లూ మాస్టారు తేల్చేశాడు. ఆమా కూడా అదే మాట నమ్మి ఇంట్లో వాయించేది. అంత చక్కగా చదివే పిల్లకు చదివింది అర్థం కావడం లేదన్న ఆలోచన ఎవరికి వస్తుంది? మా వైపు బళ్ళలో చదవడమంటే పైకి చదవడమే. గొంతు బాగుంటే చదువు బాగున్నట్టే లెక్క.

ఆ లెక్క ఒకనాడు నీళ్ళ దగ్గర తప్పింది. పైపులు బాగుచేస్తారని, మర్నాడు పొద్దుటి నుంచి కుళాయిలు రావని, అందరూ ముందే పట్టి పెట్టుకోవాలని మైకులో వచ్చింది. చదివింది యూ-తొంగే. ఊళ్ళో బకెట్లు, డ్రమ్ములు, స్నానాల తొట్లు అన్నీ నిండాయి. మర్నాడు పొద్దున పే-చెన్ టిఫిను కొట్లో గుడ్డట్టు, సోయా పాలు ముందు పెట్టుకుని కూర్చుంది. అప్పుడే ఆమా బురద బూట్లతో, ఖాళీ బకెట్టుతో లోపలికి వచ్చింది.

"ఒక బకెట్టు నీళ్ళుంటే ఇవ్వవే తల్లీ. ఒలిచిన చిప్పలన్నీ బురదలో అలాగే ఉన్నాయి" అంది కొట్టావిడతో.

"అదేంటి ఆమా, నిన్న మైకులో చెప్పింది నీ మనవరాలే కదా" అని కొట్టావిడ నవ్వింది.

"అదే కదా నా ఖర్మ. ఊరందరికీ చెప్పి, ఇంటికొచ్చి కాళ్ళూపుకుంటా కూర్చుంది. ఒక్క చెంబు పట్టలేదు. అడిగితే, నీళ్ళ గురించా ఆమా నేను చదివింది, అంటుంది. నన్నే అడుగుతుంది చూడు."

కొట్లో అందరూ ఘొల్లుమన్నారు. పే-చెన్ నవ్వలేదు. గుడ్డట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఆగు ఆమా. సరిగ్గా ఏమంది?"

"నీకు పొద్దున్నే మొదలా?" అంది ఆమా విసుగ్గా. "నేను చదివింది నీళ్ళ గురించా, అంది. నాటకాలు."

"మరి నువ్వు వినలేదా?"

ఆమా బకెట్టు కింద పెట్టింది. "విన్నాను. ఎంత బాగా చదివిందో అని కళ్ళు తుడుచుకుంటా విన్నాను. ఏం చెప్పిందో... నాకు ఆ చీనీ ఎక్కడొచ్చి చచ్చింది? గొంతు విన్నాను."

ఆ మధ్యాహ్నమే పే-చెన్ లూ మాస్టారుతో చెప్పి యూ-తొంగ్‌ను సోఫాలో కూర్చోబెట్టింది. చేతికో రేగుపండు ఇచ్చి, తనే రాసిన చిన్న కథ ముందు పెట్టింది. వానలో అన్నయ్య ఇంటికి వచ్చాడు. వానకోటు తలుపు వెనక తగిలించాడు. అమ్మ నేలవైపు చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి తుడిచే గుడ్డ తెచ్చింది. అంతే కథ.

యూ-తొంగ్ చదివింది. వాన దగ్గర గొంతు సన్నబడింది, అమ్మ దగ్గర మెత్తబడింది. చదివింది చెప్పమంటే పుస్తకం మూసేసి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఇంకో టీచరైతే అక్కడే భుజం తట్టి పంపేసేవాళ్ళు.

"సరే. అమ్మ గుడ్డ ఎందుకు తెచ్చింది?"

పిల్ల కాగితం వైపు చూసింది. పెదాలు కదుపుతూ పై నుంచి కింది దాకా మళ్ళీ వెతికింది. "అది ఇందులో రాయలేదు టీచర్" అంది.

పే-చెన్ కాగితం పక్కన పెట్టేసి, ఇంటి భాషలోకి దిగింది. "పోనీలే. నిన్న మా ఆయన పడవ దగ్గర్నుంచి తడిబట్టలతో వచ్చి, నేను అప్పుడే తుడిచిన గదిలో నిలబడ్డాడు. నేను నేలవైపు చూశాను. తర్వాత ఏం చేసుంటాను?"

యూ-తొంగ్ కిసుక్కున నవ్వింది. "మీరా? ముందు తిట్టుంటారు. తర్వాత తుడిచుంటారు. పాపం ఆయన బయటే నిలబడి ఉంటాడు."

మాటల్లో చెబితే ఇంత తెలుస్తోంది. కాగితం మీదికి వచ్చేసరికి ఏమీ లేదు. పే-చెన్ పిల్ల పక్కకు జరిగి కూర్చుంది. "చదువుతున్నప్పుడు లోపల ఏం చూస్తావు?"

యూ-తొంగ్ రేగుగింజను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఏమీ చూడను టీచర్. చూస్తే గొంతు ఆగిపోతుంది. ఆగితే మార్కులు పోతాయి కదా."

పే-చెన్‌కు ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. పాపం ఆ పిల్ల మోసమేమీ చెయ్యలేదు. చదవడమంటే గొంతుతో చేసే పని అని పెద్దవాళ్ళు నేర్పారు, ఆ పని అందరికన్నా బాగా చేసింది, అంతే. ఇంకో రెండేళ్ళు ఇలాగే పోతే పాఠాలు పెద్దవవుతాయి, గొంతు అక్కరకు రాదు. అప్పుడు ఈ పిల్ల తనను తాను మొద్దు అనుకోవడం మొదలుపెడుతుంది. పే-చెన్ భయమల్లా అదే.

సాయంత్రం పే-చెన్, ఆమా పనిచేసే రేకుల షెడ్డుకు వెళ్ళింది. ఆడవాళ్ళు పీటల మీద వరసగా కూర్చుని చిప్పలు ఒలుస్తున్నారు, ఒక మూల రేడియోలో పాత పాటలు. పే-చెన్ ఖాళీ పీట లాక్కుని, కత్తి అందుకుని తనూ మొదలుపెట్టింది.

"అలా పొడవకు, పిండైపోతుంది. ఇన్నేళ్ళ కోడలివి, ఇంకా పట్నం చెయ్యే" అంది ఆమా. తర్వాత చూపు మార్చకుండానే, "ఎందుకొచ్చావో తెలుసు. లూ మాస్టారు ఫోన్ చేశాడు. నా మనవరాలు ఆ గదికి రాదు."

"ఎందుకు రాదు?"

"మైకులో చదివే పిల్లని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడతావా? రేపు బళ్ళో పిల్లలు నోరు మూసుకుంటారా? పిల్లకు బద్ధకం. నాలుగు తగిలిస్తే అదే పోతుంది. ఒప్పుకున్నట్టు పేరు ముద్ర గుద్దమని కాగితం తీసుకురాకు నా దగ్గరికి."

పే-చెన్‌కు కోపం నెత్తికెక్కింది. పిల్లకు కాదు, నీకు తగిలించాలి అనబోయింది. చేతిలో చిప్ప ఊడి రాలేదు కాబట్టి ఆ మాటా బయటికి రాలేదు. ఒలవడం అయ్యేసరికి కాస్త చల్లబడింది. "పిల్లని ఇవ్వకపోతే పోనీ. నీ చెవులివ్వు."

"ఏంటి?"

"రోజూ సాయంత్రం అది ఇక్కడ కూర్చుని పుస్తకం చదువుకుంటుంది. పైకి కాదు, మనసులో. చదివింది నీకు మన భాషలో చెప్పాలి. నువ్వు పని చేసుకుంటూ విను. అర్థం కాకపోతే అడుగు. మైకు విన్నట్టు కాదు సుమా. పక్కింటి కోడలు ఎందుకలిగిందో అడిగినట్టు అడుగు."

షెడ్డంతా నవ్వింది, ఎందుకంటే ఆ విద్యలో ఆమాను మించినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆమా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నీళ్ళ రోజు తను కూడా గొంతే విన్నానన్న సంగతి లోపల గుచ్చుకుంటూ ఉందేమో, ఇక కాదనలేదు.

పే-చెన్ చీనీ పుస్తకాలే ఎంచి ఇచ్చింది ఊరికే కాదు. బడి భాషలో ఉన్నదాన్ని ఇంటి భాషలో చెప్పాలంటే అప్పజెప్పడం కుదరదు, ఎక్కడికక్కడ ఆగి లోపలికి చూడాల్సిందే. మొదట్లో యూ-తొంగ్ నాలుగు మాటలు చెప్పి నీళ్ళు నమిలేది. ఆమా ఊరుకునేది కాదు.

"ఆ నక్క బావి దగ్గరికి ఎందుకెళ్ళిందంట?"

"తెలీదు ఆమా. వెళ్ళిందని రాసుంది."

"ఊరికే ఎవరైనా వెళతారటే? దాహమా, దొంగతనమా, ఎవరితోనైనా మాటపట్టింపా? చూసి చెప్పు."

పిల్ల మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళేది. వెనక పేజీలో ఎండ గురించి ఉందని, దానికీ బావికీ సంబంధముందని కనిపెట్టిన రోజు ఆ షెడ్డులో లేచి గెంతింది. చిప్పల బుట్ట తన్నేస్తే ఆమా పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి తిట్టింది, మొహంలో మాత్రం వెలుగుంది. పే-చెన్ వారంలో కొన్నాళ్ళు వచ్చి పక్కన కూర్చుని, తెలియని మాట వస్తే ముందూ వెనకా చూసి ఎలా పట్టుకోవాలో, చదివింది బొమ్మలా ఎలా కట్టుకోవాలో నేర్పేది. మాటల లెక్కలకు చిప్పలే వాడేది.

అయితే గొంతు పాడైంది. క్లాసులో పైకి చదువుతుంటే యూ-తొంగ్ మధ్యలో ఆగిపోతోంది, ఏదో ఆలోచిస్తోంది, మళ్ళీ తడుముకుంటూ అందుకుంటోంది. లూ మాస్టారు సాయం గది తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"మేడం, పోటీ దగ్గరికొచ్చేసింది. బంగారం లాంటి గొంతు. మీరు చెడగొడుతున్నారు."

"గొంతెక్కడికీ పోదు మాస్టారూ. దానికి ఇప్పుడిప్పుడే పని దొరికింది."

మాటైతే గట్టిగానే అంది. మర్నాడు యూ-తొంగ్ వచ్చి, "టీచర్, నాకున్నది అదొక్కటే. అది కూడా పోయింది" అని సోఫాలో ముడుచుకుని ఏడ్చినప్పుడు మాత్రం పే-చెన్ తొందరపడ్డానా అనుకుంది. పిల్ల గర్వంగా పట్టుకున్న ఒకే ఒక్క వస్తువును లాగేసుకుని, ఇంకా చేతికందని దాన్ని ఆశ చూపిస్తున్నానా అనుకుంది. జేబులో రేగుపళ్ళు కూడా అయిపోయాయి. ఆ సాయంత్రం మొగుడు ఏదో కబురు చెబితే చివరిదాకా ఆపకుండా వింది. ఆయన కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

జిల్లా పోటీకి లూ మాస్టారు కారులోనే ఆయనా, పిల్లా, పే-చెన్ ముగ్గురూ వెళ్ళారు. అక్కడ చదవాల్సింది ముందుగా ఇవ్వరు, చీటీ తీశాక కాస్త సమయమిచ్చి వేదిక ఎక్కిస్తారు. యూ-తొంగ్‌కు ఒక ముసలి మంగలి కథ వచ్చింది. కొట్టు మూసేసే రోజున చివరి మనిషికి క్షవరం చేస్తాడు. మొదట్లో గొంతు బాగానే సాగింది. పోను పోను నెమ్మదించింది. చివరికి ఒక్కొక్క మాటా ఏరి పెట్టినట్టు చదువుతుండగానే గంట మోగింది, ఇంకా కొంత మిగిలిపోయింది. బహుమతి రాలేదు.

తిరుగుదారిలో లూ మాస్టారు ఉండబట్టలేక చివరికి అడిగేశాడు. "అంత నెమ్మదిగా ఎందుకు చదివావమ్మా? టైముంటుందని తెలుసు కదా."

"ఆయన నెమ్మదిగా కత్తిరిస్తున్నాడు కదా సార్."

"ఎవరు?"

"మంగలి తాత. క్షవరం అయిపోతే కొట్టు మూసెయ్యాలి. అందుకే అవనివ్వట్లేదు. కుర్చీలో ఆయనకు కూడా తెలుసు, అందుకే ఇంకా చెవుల దగ్గర కొంచెం ఉంది చూడు అంటాడు. నేను గబగబా చదివితే ఎలా?"

లూ మాస్టారు కారు రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. "ఆ కథ నేను కూడా చదివాను. నాకు తట్టలేదు" అన్నాడు. తర్వాత ముగ్గురికీ దారిలో చేపముద్దల పులుసు ఇప్పించాడు. పే-చెన్ ఆ పూట కళ్ళు తుడుచుకోవడానికి పులుసు ఆవిరిని సాకు చేసుకుంది. అంత సంతోషం ఆమెకు ఈ ఉద్యోగంలో తరచుగా దొరికేది కాదు.

చలిగాలులు మొదలయ్యాక ఒక రోజు పే-చెన్ సోఫాలో ఒక చిన్న పిల్లతో కథ చదివిస్తోంది. ఊరి మైకు గరగరమంది. యూ-తొంగ్ గొంతు. గురువారం మధ్యాహ్నం ఊరి హాల్లో వయసు మళ్ళినవాళ్ళందరికీ జలుబు జ్వరం రాకుండా సూదిమందు వేస్తారు, అందరూ తప్పకుండా... అక్కడ ఆగిపోయింది. మైకులో గాలి చప్పుడు మాత్రం వస్తోంది.

"ఎందుకాగిపోయింది టీచర్?" అంది సోఫాలో పిల్ల.

"చదువుతోంది" అంది పే-చెన్.

అంతలో మైకులో మళ్ళీ గొంతు వచ్చింది, ఈసారి ఇంటి భాషలో. "షెంగ్ తాతా, గురువారం మధ్యాహ్నం సముద్రం వెనక్కి తీస్తుంది కదా. ముసలోళ్ళందరూ తడల దగ్గరుంటారు. మా ఆమా కూడా. మరి సూదులు ఎవరికి వేస్తారు?"

కాగితం చప్పుడు, షెంగ్ తాత దగ్గు. "అవునే. ఆగు తల్లీ, ఆగాగు, ఆసుపత్రి వాళ్ళకి ఫోన్ చెయ్యనీ" అన్నాడాయన. మైకు కట్టెయ్యడం మరిచిపోవడంతో ఆ ఫోను సంభాషణ కూడా ఊరంతా విని ఆనందించింది.

బడి వదిలే వేళకు ఆమా మనవరాలి చెయ్యి పట్టుకుని సాయం గది గడపలో నిలబడింది. బురద బూట్లు బయటే విప్పింది. ఏప్రాన్ జేబులోంచి పేరు ముద్ర తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ కాగితమేదో తియ్యి. ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉందని ఇదే అంటుంది. బళ్ళో పిల్లలు ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు."

పే-చెన్ సొరుగులోంచి తీసి ఇచ్చింది. ఆమా ముద్రకు ఎర్రసిరా అద్దుకుని, గుద్దబోయి, చెయ్యి వెనక్కి తీసింది. "ఆగు. ముందు ఇందులో ఏముందో నువ్వు చదివి చెప్పవే. ఊరికే గుద్దను."

యూ-తొంగ్ కాగితం అందుకుంది. పెదాలు కదల్లేదు. ఒకచోట ఆగింది, పైకి వెళ్ళింది, మళ్ళీ కిందికి వచ్చింది. ఆ కాగితంలో ఉన్నదంతా ఆ పిల్ల గురించే. చదవడం బాగా వచ్చు, చదివినదాన్ని అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉంది, నేర్పే పద్ధతి మారిస్తే వేగంగా అందుకుంటోంది అని పే-చెనే రాసింది.

"నేను బద్ధకస్తురాలిని కాదంట ఆమా" అంది యూ-తొంగ్.

ఆమా కళ్ళజోడు లేని కళ్ళతో కాగితం వైపు వంగింది. "అలా రాసుందా?"

"రాయలేదు" అంది పిల్ల. "కానీ అదే ఉంది."

ఆమా ముద్ర మళ్ళీ సిరాలో అద్ది, రెండు చేతులతో గట్టిగా నొక్కి గుద్దింది.